సెల్టిక్స్ తన పొడగరులందరినీ ఎందుకు వదులుకుంది?

2024 జూన్‌లో డాలస్ మావెరిక్స్‌ను 4-1తో ఓడించి బోస్టన్ సెల్టిక్స్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో తన 18వ టైటిల్ గెలిచింది. అప్పుడు ఆ జట్టులో రింగ్ కింద ముగ్గురు నమ్మకస్తులుండేవారు. లాట్వియా నుంచి వచ్చిన 7 అడుగుల 2 అంగుళాల క్రిస్టాప్స్ పోర్జింగిస్ ఒకడు. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, పదిహేడో సీజన్లో గానీ టైటిల్ ముఖం చూడని ఆల్ హోర్‌ఫర్డ్ రెండోవాడు. ఈ ఇద్దరికీ అలుపొచ్చినప్పుడు బెంచీ మీద నుంచి లేచొచ్చే ల్యూక్ కోర్నెట్ మూడోవాడు. 2025 అక్టోబరులో కొత్త సీజన్ మొదలయ్యేసరికి పోర్జింగిస్ అట్లాంటాలో, హోర్‌ఫర్డ్ గోల్డెన్ స్టేట్‌లో, కోర్నెట్ శాన్ ఆంటోనియోలో ఉన్నారు. వాళ్ల స్థానంలో బోస్టన్ సెంటర్‌గా, అంటే రింగ్ దగ్గర కాపు కాసే పొడగరిగా, నిలబడ్డది నెమియాస్ కేటా. పోర్చుగల్ నుంచి ఎన్‌బీఏకి వచ్చిన మొట్టమొదటి ఆటగాడు అతను. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 2021 డ్రాఫ్టులో 39వ వాడిగా శాక్రమెంటో తీసుకుంది, తర్వాత వదిలేసింది.

ఈ ముగ్గురిలో ఆట చేతకాదని పంపించినవాడు ఒక్కడూ లేడు. ఈ విషయం ముందు గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వేసవి గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది "పోర్జింగిస్‌కి ఎప్పుడూ గాయాలే, హోర్‌ఫర్డ్ ముసలాడైపోయాడు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ రెండు మాటలూ అబద్ధం కాదు. కానీ అసలు నిర్ణయం జరిగింది జీతాల పట్టికలో. టేటమ్, బ్రౌన్ లాంటి వింగ్ (కోర్టు పక్కల నుంచి ఆడే) ఆటగాళ్లకు రాసిచ్చిన కాంట్రాక్టుల బిల్లు చివరికి పొడగరుల నెత్తిన పడింది. అది ఎలా పడిందో చూద్దాం.

ఐపీఎల్ చూసేవాళ్లకు పర్సు అంటే తెలుసు. 2025 సీజన్ కోసం ఒక్కో జట్టుకూ 120 కోట్ల రూపాయలు. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ వేలానికి ముందే క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, నితీశ్ రెడ్డి అనే ఐదుగురిని 75 కోట్లు పెట్టి అట్టిపెట్టుకుంది. మిగిలిన జట్టంతటినీ 45 కోట్లలోనే కొనుక్కోవాల్సి వచ్చింది. 120 దాటి ఒక్క రూపాయి కూడా పెట్టే వీల్లేదు. ఎన్‌బీఏలో అలా కాదు. గీత దాటొచ్చు. దాటినకొద్దీ శిక్ష పెరుగుతూ పోతుంది, అంతే. 2025-26 సీజన్‌కు సాలరీ క్యాప్, అంటే జట్టు జీతాల మొదటి గీత, 15.46 కోట్ల డాలర్లు. ఆ పైన 18.79 కోట్ల దగ్గర లగ్జరీ టాక్స్ గీత, 19.59 కోట్ల దగ్గర ఫస్ట్ ఏప్రన్, 20.78 కోట్ల దగ్గర సెకండ్ ఏప్రన్. ఈ ఏప్రన్లు ఇంకా కఠినమైన శిక్షలు మొదలయ్యే గీతలు. సొంత ఆటగాళ్లను నిలుపుకోవడానికి క్యాప్ దాటే హక్కు జట్లకు ఉంది. దాన్ని బర్డ్ రైట్స్ అంటారు, సెల్టిక్స్ దిగ్గజం లారీ బర్డ్ పేరు మీదే.

సెకండ్ ఏప్రన్ దాటితే పడే శిక్షలు డబ్బుతో ఆగవు. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకునే ట్రేడు కుదరదు. మిడ్-లెవల్ ఎక్సెప్షన్ అనే మధ్యస్థ వేతనపు వెసులుబాటు ఉండదు. ట్రేడులో నగదు ఇవ్వకూడదు. ఏడేళ్ల తర్వాత రావాల్సిన ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌ను (డ్రాఫ్టు మొదటి రౌండులో ఆటగాణ్ని ఎంచుకునే వంతును) ఎవరికీ ఇవ్వకుండా లీగ్ స్తంభింపజేస్తుంది. 2024-25లో గీత పైన ఉన్నందుకు బోస్టన్ 2032 పిక్ అలాగే చిక్కుబడింది. ఆ తర్వాతి నాలుగేళ్లలో రెండేళ్లు మళ్లీ గీత పైనే ఉంటే ఆ పిక్ రౌండ్ చివరికి జారిపోతుంది. అంటే ఒకటి రెండు ఏళ్ల వైభవానికి మూల్యం ఏడేళ్ల తర్వాత కట్టాలి.

ఇప్పుడు బోస్టన్ లెక్క. 2025-26కు జేసన్ టేటమ్ జీతం 5.41 కోట్ల డాలర్లు. జేలెన్ బ్రౌన్‌ది 5.31. జ్రూ హాలిడేది 3.24. పోర్జింగిస్‌ది 3.07. డెరిక్ వైట్‌ది 2.81. ఐదుగురికే 19.84 కోట్లు, అంటే స్టార్టింగ్ ఐదుగురు కోర్టు మీద అడుగు పెట్టేసరికే ఫస్ట్ ఏప్రన్ వెనకబడింది. ఆరోవాడు శామ్ హాసర్‌కి ఇంకో కోటి. 20.84. సెకండ్ ఏప్రన్ కూడా దాటిపోయింది, ఆరుగురితోనే. జట్టులో కనీసం 14 మంది ఉండాలి. పేటన్ ప్రిచర్డ్ లాంటి చవకైన మంచి ఆటగాడి జీతం, బెంచీ మీది మిగతావాళ్ల జీతాలు ఇంకా లెక్కలోకి రానేలేదు. హోర్‌ఫర్డ్, కోర్నెట్ ఇద్దరి కాంట్రాక్టులూ ఆ వేసవితో ముగిశాయి కాబట్టి వాళ్లు అసలు ఈ లెక్కలోనే లేరు.

దీనికి తోడు పన్ను. గడిచిన నాలుగేళ్లలో మూడేళ్లు లగ్జరీ టాక్స్ కట్టిన జట్టును రిపీటర్ అంటారు. 2022-23, 2023-24, 2024-25 మూడేళ్లూ బోస్టన్ కట్టింది. రిపీటర్ జట్టు గీత దాటిన ప్రతి డాలరుకూ 3 డాలర్ల నుంచి మొదలుపెట్టి పన్ను కట్టాలి, దూరం వెళ్లేకొద్దీ రేటు ఇంకా పెరుగుతుంది. జట్టును యథాతథంగా నిలుపుకుంటే జీతాలు, పన్ను కలిపి ఒక్క ఏడాదికే 50 కోట్ల డాలర్ల దాకా పోతుందన్నది ఆ వసంతమంతా అందరి నోటా నానిన అంచనా. అదే సమయంలో జట్టు చేతులు మారుతోంది. బిల్ చిజమ్ నాయకత్వంలోని బృందం 610 కోట్ల డాలర్లకు కొనడానికి 2025 మార్చిలో ఒప్పందం చేసుకుంది.

అయినా టైటిల్ నిలబెట్టుకునే జట్టే అయి ఉంటే ఆ డబ్బు పెట్టేవాళ్లేమో. మే 12న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో న్యూయార్క్ నిక్స్‌తో ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశ) సిరీస్ నాలుగో మ్యాచ్‌లో టేటమ్ కుడి కాలి అకిలీస్ తెగింది. ఆ గాయానికి ఏడాది పోయినట్టే. సిరీస్ 4-2తో పోయింది. టేటమ్ ఆడినా ఆడకపోయినా ఆయన 5.41 కోట్లు లెక్కలో ఉంటాయి. ఆయన లేకుండా టైటిల్ గెలిచే అవకాశం ఎంత? ఆ మాత్రం దానికి 50 కోట్లా? జట్టు బాస్కెట్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు బ్రాడ్ స్టీవెన్స్ ముందున్న ప్రశ్న అదే. జవాబు కష్టమేమీ కాదు.

బ్రౌన్‌ను కదిలిస్తే జట్టు నడుం విరుగుతుంది. వైట్ ఆటతో పోల్చుకుంటే అతని జీతం తక్కువే. మిగిలిన పెద్ద చెక్కులు రెండే, హాలిడేది, పోర్జింగిస్‌ది. జూన్ చివర్లో ఒక్క రోజు తేడాలో రెండూ కదిలాయి. హాలిడే పోర్ట్‌లాండ్‌కు వెళ్లాడు, బదులుగా 2.77 కోట్ల జీతంతో ఆన్‌ఫర్నీ సైమన్స్ వచ్చాడు. ఆ ఏడాదికి మిగిలింది అర కోటి లోపే అనిపిస్తుంది గానీ, హాలిడే కాంట్రాక్టు 2027-28 దాకా సాగుతుంది, సైమన్స్‌ది ఒక్క ఏడాదే. లాభమంతా అక్కడుంది.

పోర్జింగిస్ కథ ఇంకా బాధాకరం. 2023లో అభిమానుల ప్రాణం లాంటి మార్కస్ స్మార్ట్‌ను వదులుకుని మరీ తెచ్చుకున్న ఆటగాడు. త్రీ-పాయింట్ గీత బయట నిలబడి వేయగల పొడగరి కాబట్టి ఎదుటి సెంటర్ రింగ్ వదిలి బయటికి రాక తప్పదు. ఆ ఖాళీలోకి టేటమ్, బ్రౌన్ దూసుకెళ్లేవారు. 2024-25లో సగటున 19.5 పాయింట్లు, త్రీ-పాయింటర్లలో 41 శాతం. కానీ ఆడింది 42 మ్యాచ్‌లే. ఏడాది ముందు ఫైనల్స్‌లో ఎడమ కాలి స్నాయువుకు తగిలిన అరుదైన గాయానికి సర్జరీ అయి నవంబరు చివర్లో గానీ తిరిగి రాలేదు. వసంతంలో అంతుచిక్కని జబ్బు పట్టుకుంది. గుండె వేగాన్ని అస్తవ్యస్తం చేసే పాట్స్ అనే సమస్య అని తర్వాత బయటపడింది. ప్లేఆఫ్స్‌లో మనిషి ఊపిరందక తూలిపోయాడు, సగటు 8 పాయింట్లకు కూడా చేరలేదు. అలాంటి సమయంలో అమ్మకానికి పెడితే ధర ఎంత పలుకుతుంది?

ఎంత పలికిందో చూడండి. మూడు జట్ల ట్రేడులో పోర్జింగిస్ అట్లాంటాకు వెళ్లాడు. అట్లాంటా టెరెన్స్ మాన్‌నూ, 22వ డ్రాఫ్ట్ పిక్‌నూ బ్రూక్లిన్‌కు ఇచ్చింది. బోస్టన్‌కు దక్కింది జార్జ్ నియాంగ్, ఒక సెకండ్ రౌండ్ పిక్. ఆగస్టులో ఆ నియాంగ్‌ను కూడా, పైన రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు కలిపి యూటాకు పంపి, ఆర్‌జే లూయిస్ అనే టూ-వే ఆటగాడిని (ప్రధాన జట్టుకూ దాని చిన్న లీగ్ జట్టుకూ మధ్య ఆడేవాణ్ని) తీసుకున్నారు. నియాంగ్ జీతం 82 లక్షల డాలర్లు పట్టికలోంచి పోయింది. గొలుసంతా కలిపి చూస్తే, టైటిల్ గెలిపించిన ఏడడుగుల షూటర్‌కు బదులుగా బోస్టన్‌కు వచ్చింది ఆటగాడు కాదు, పన్ను ఆదా. ఇందులో స్టీవెన్స్‌ను తప్పు పట్టలేం. 3.07 కోట్ల జీతం మోయగల జట్లు లీగ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి, బోస్టన్ తప్పనిసరై అమ్ముతోందని వాటన్నిటికీ తెలుసు.

హోర్‌ఫర్డ్ విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. 39 ఏళ్ల మనిషికి టైటిల్ పోటీలో ఉన్న జట్టు కావాలి. టేటమ్ లేని బోస్టన్ ఆ ఏడాది అలాంటి జట్టు కాదు. గోల్డెన్ స్టేట్‌లో జొనాథన్ కుమింగా కాంట్రాక్టు తేలేదాకా వేసవంతా ఆగి, సెప్టెంబరు చివర్లో స్టెఫెన్ కర్రీ పక్కన చేరాడు. మొదటి ఏడాది జీతం సుమారు 57 లక్షల డాలర్లు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 2021లో స్టీవెన్స్ అధ్యక్ష పదవిలోకి రాగానే చేసిన మొదటి పని, కెంబా వాకర్‌తో పాటు 16వ పిక్‌ను ఓక్లహోమా సిటీకి ఇచ్చి హోర్‌ఫర్డ్‌ను వెనక్కి తెచ్చుకోవడం. ఆ పిక్ చేతులు మారి హ్యూస్టన్‌కు చేరింది, అల్పెరెన్ షెంగూన్ అయ్యింది. షెంగూన్ ఆ తర్వాత ఆల్‌స్టార్ సెంటర్ అయ్యాడు. అయినా బోస్టన్ చేసింది నష్టపు బేరమని నేననుకోను. హోర్‌ఫర్డ్ లేకుండా 2022 ఫైనల్స్ లేవు, 2024 టైటిల్ కూడా లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది కోర్నెట్.

టేటమ్ పడిపోయిన రెండు రోజులకు, మే 14న, సిరీస్‌లో ఐదో మ్యాచ్. ఓడితే ఇంటికే. పోర్జింగిస్ ఊపిరందక కొద్ది నిమిషాలకే కూలబడ్డ ఆ రాత్రి, కోర్నెట్ బెంచీ మీద నుంచి వచ్చి 10 పాయింట్లు, 9 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టడం), 7 బ్లాక్‌లు (ఎదుటివాళ్ల షాట్లను చేత్తో ఆపడం) చేశాడు. బోస్టన్ 127-102తో గెలిచింది. అంకెల కంటే ఆ ఆట తీరు ముఖ్యం. బంతి నడిపే ఎదుటి గార్డు, తన సహచరుడు అడ్డుగా నిలబడి వేసిన స్క్రీన్ చుట్టూ తిరిగి లోపలికి వస్తుంటే, కోర్నెట్ అతని మీదికి ఉరకడు. రెండడుగులు వెనక్కి తగ్గి, గార్డుకీ అతని సెంటర్‌కీ మధ్య నిలబడతాడు. షాట్ వేస్తే చెయ్యి అడ్డం, పాస్ ఇస్తే ఒళ్లు అడ్డం. గార్డు ఎటూ తేల్చుకోలేక అరసెకను ఆగుతాడు, ఆ అరసెకనులో వెనక నుంచి వైట్ వచ్చేస్తాడు. దూరాన ఉన్న షూటర్ దగ్గరికి చేరుకోలేనప్పుడు ఉన్నచోటే నిటారుగా గాల్లోకి లేచి, అతనికి రింగ్ కనపడకుండా చేసే ప్రయత్నం కూడా కోర్నెట్ సొంత విద్యే. తమ జట్టు దాడి చేసేటప్పుడు ప్రిచర్డ్‌కో బ్రౌన్‌కో స్క్రీన్ వేసి, షాట్ తప్పితే బంతిని వెనక్కి తట్టి ఇంకో అవకాశం ఇప్పిస్తాడు. 2024-25లో ఇలాంటి పని 73 మ్యాచ్‌లలో చేసినందుకు బోస్టన్ అతనికి ఇచ్చింది లీగ్ కనీస వేతనం.

వేసవి రాగానే శాన్ ఆంటోనియో అతనికి నాలుగేళ్లకు సుమారు 4.1 కోట్ల డాలర్లు ఇచ్చింది. విక్టర్ వెంబన్యామా 2025 ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టి సీజన్‌కు దూరమయ్యాక, అతనికి తోడుగా ఒక నిఖార్సైన సెంటర్ ఉండి తీరాలని ఆ జట్టు గ్రహించింది. ఏడాదికి కోటి డాలర్లంటే ఎన్‌బీఏ సెంటర్‌కు పెద్ద ధరేం కాదు. బోస్టన్ చేతిలో బర్డ్ రైట్స్ కూడా ఉన్నాయి కాబట్టి నిబంధన అడ్డు రాదు. మరి ఎందుకు ఇవ్వలేదు? రిపీటర్ జట్టుకు ఆ కోటి నిజానికి కోటి కాదు. పైన కనీసం మూడు కోట్ల పన్ను ఉంది. శాన్ ఆంటోనియో కోటికి కొన్న మనిషినే బోస్టన్ నాలుగు కోట్లకు పైగా పెట్టి కొనుక్కోవాలి. ఆ ధరకు ఎంత మంచి బ్యాకప్ సెంటర్‌నైనా ఎవరూ కొనరు.

సరిగ్గా ఏడాది ముందు న్యూయార్క్‌కు ఇలాంటి దెబ్బే ఇంకో దారిలో తగిలింది. ఐజాయా హార్టెన్‌స్టైన్ అక్కడ రెండేళ్లే ఆడాడు. పూర్తి బర్డ్ రైట్స్‌కు మూడేళ్లు నిండాలి. రెండేళ్లకు వచ్చేది ఎర్లీ బర్డ్ హక్కు మాత్రమే, దాని పరిమితి ప్రకారం న్యూయార్క్ ఇవ్వగలిగింది నాలుగేళ్లకు 7.25 కోట్లు. క్యాప్ ఖాళీ ఉన్న ఓక్లహోమా సిటీ మూడేళ్లకే 8.7 కోట్లు ఇచ్చి ఎగరేసుకుపోయింది. అక్కడ చెట్ హోమ్‌గ్రెన్ పక్కన రెండో పొడగరిగా ఆడి 2025లో టైటిల్ గెలిచాడు. అంటే, ఇవ్వాలన్న మనసుండీ న్యూయార్క్ చేతులను నిబంధన కట్టేసింది. నిబంధన ఒప్పుకున్నా బోస్టన్ చేతులను పన్ను కట్టేసింది. ఫలితం ఒక్కటే. న్యూయార్క్ మాత్రం ఊరుకోలేదు. 2024 అక్టోబరులో జూలియస్ రాండిల్‌ను పంపి కార్ల్-ఆంథనీ టౌన్స్‌ను తెచ్చుకుంది. 2025 మేలో బోస్టన్‌ను ఇంటికి పంపిన జట్టులో ఆ టౌన్స్ ఉన్నాడు. బోస్టన్‌కు అలాంటి రెండో ఎత్తు వేసే వీలు ఆ వేసవిలో లేదు.

ఉన్నది చవక సరుకులో మంచిది ఏరుకునే వీలు. కేటా కాంట్రాక్టు అంతకు ముందు వేసవిలోనే కుదిరింది, మూడేళ్లకు సుమారు 70 లక్షల డాలర్లు. ఏడాదికి పోర్జింగిస్ జీతంలో పదమూడో వంతు. మిన్నెసోటా నుంచి లూకా గార్జా కనీస వేతనం స్థాయిలో వచ్చాడు. టొరాంటో నుంచి క్రిస్ బూషే ఒక ఏడాదికి 33 లక్షల డాలర్లకు వచ్చాడు. ఇక్కడ బయట పెద్దగా చెప్పుకోని వెసులుబాటు ఒకటుంది. అనుభవజ్ఞుడైన ఆటగాడు ఒక్క ఏడాది కనీస వేతనానికి వస్తే, రెండేళ్ల అనుభవం ఉన్నవాడి కనీస వేతనానికి మించిన భాగాన్ని లీగే భరిస్తుంది, జట్టు లెక్కలో పడేది దాదాపు 23 లక్షలే. పన్ను గీత మీద నడిచే జట్టుకు ఈ పది లక్షలు ఎంతో విలువైనవి, ఎందుకంటే ప్రతి డాలరూ పన్నుతో కలిపి నాలుగు డాలర్లవుతుంది. 46వ పిక్‌తో తీసుకున్న కెంటకీ సెంటర్ అమారి విలియమ్స్‌కు టూ-వే కాంట్రాక్టు ఇచ్చారు, అది క్యాప్ లెక్కలోకే రాదు.

ఈ మార్పుతో ఆట రూపం కూడా మారక తప్పదు. జో మజూలా కోచ్‌గా ఉన్న బోస్టన్ 2024-25లో మ్యాచ్‌కు సగటున 48కి పైగా త్రీ-పాయింటర్లు వేసింది. సీజన్ మొత్తంలో రెండు పాయింట్ల షాట్ల కంటే మూడు పాయింట్ల షాట్లే ఎక్కువ వేసింది. అది సాధ్యమైంది సెంటర్లు కూడా బయటి నుంచి వేయగలిగినందుకు. ఐదుగురూ గీత బయట నిలబడితే పెయింట్, అంటే రింగ్ ముందున్న జాగా, ఖాళీ అవుతుంది. కేటా ఆ రకం కాదు. బలంగా స్క్రీన్ వేసి రింగ్ వైపు దూసుకెళ్తాడు, తన జట్టు తప్పిన బంతి (అఫెన్సివ్ రీబౌండ్) కోసం కొట్లాడతాడు, గాల్లోకి పాస్ (అలీ-ఊప్) అందిస్తే అందుకుని రింగ్‌లోకి దించేస్తాడు. అతను కోర్టులో ఉన్నంతసేపూ ఎదుటి సెంటర్‌కు రింగ్ వదిలి కదలాల్సిన పనిలేదు. బయటి నుంచి వేయగల గార్జా వస్తే పాత ఆకారం కొంత తిరిగొస్తుంది గానీ, ఎదుటి గార్డులు స్క్రీన్లతో అతణ్ని వెతుక్కుంటూ వస్తారు. పోర్జింగిస్, హోర్‌ఫర్డ్ షూటింగ్‌నూ డిఫెన్స్‌నూ ఒకే శరీరంలో ఇచ్చేవారు. 2025-26 మొదలయ్యేసరికి అవే రెండు పనులు ఇద్దరు మనుషుల మధ్య చీలిపోయాయి. ఏ నిమిషంలో ఏది వదులుకోవాలన్నది కోచ్ తేల్చుకోవాల్సి వచ్చింది.

నా అంచనాలో ఈ మార్పు పూర్తిగా నష్టం కాదు. న్యూయార్క్‌తో మొదటి మ్యాచ్‌లో బోస్టన్ 60 త్రీలు వేసి 45 పోగొట్టింది. అప్పటిదాకా ప్లేఆఫ్స్ చరిత్రలో ఏ జట్టూ ఒక్క మ్యాచ్‌లో అన్ని త్రీలు పోగొట్టుకోలేదు. 20 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది. రెండో మ్యాచ్‌లోనూ అదే కథ. షాట్లు పడని రాత్రి తప్పిన బంతిని పట్టి మళ్లీ ఇచ్చే మనిషి జట్టుకు కావాలి. కేటాకు ఆ గుణం ఉంది. ఆ అక్టోబరు నాటికి లేనిదల్లా అనుభవం. స్టార్టర్‌గా మ్యాచ్‌కు పాతిక నిమిషాలకు పైగా, ఫౌళ్లలో చిక్కుకోకుండా నిలబడడం అంతకు ముందు ఏ సీజన్లోనూ అతను చేయని పని.

ఈ ఇరుకు ఒక్క ఏడాదితో పోయేది కాదు. టేటమ్, బ్రౌన్ జీతాలు ఏటా పెరుగుతూ పోతాయి, 2026-27లో ఇద్దరికే 11.5 కోట్లు దాటుతుంది. అందుకే ఆ అక్టోబరు నాటి పట్టికలో పొడగరుల కోసం వెతికేవాళ్లు పొడగరుల పేర్ల దగ్గర ఆగకూడదు. నిజమైన సెంటర్‌ను తెచ్చుకోవడానికి బోస్టన్ చేతిలో మిగిలిన పెద్ద నోటు అప్పటికి ఒక 6 అడుగుల 3 అంగుళాల గార్డు పేరు మీద ఉండేది, సైమన్స్ 2.77 కోట్ల ఒక్క ఏడాది కాంట్రాక్టు రూపంలో.